ఫోనులోని కవిలెకట్ట



నేను ముప్పదియైదేండ్లు పల్లెటూరి బడిలో తెలుగు చెప్పినవాడను. చిన్ననాడు అమరమును, బాలవ్యాకరణమును వల్లించినవాడను. అట్టివాడు కంప్యూటరును గూర్చి మాటలాడుట మీకు వింతగా తోచవచ్చును. నాకును వింతగానే యున్నది. ఐనను, గడచిన యేడు మా యింట పత్తి తీత లెక్క యొకటి మాయమై, 11 మంది ఆడవాండ్రకు మూడు వారముల కూలి యెంతయో తేలక రెండు దినములు మేము పడిన యవస్థ వలన, ఈ విషయమును నేర్చుకొనక తప్పినది కాదు. మీలో చాలమంది యిండ్లలో ఇప్పుడు లెక్కలు ఫోనులోనికి ఎక్కుచున్నవి గనుక, మీతో చెప్పుట మంచిదని వచ్చితిని.

మాది పూర్వపు గుంటూరు జిల్లాలోని నల్లరేగడి పల్లె. పత్తి, మిరప తప్ప మా యూర వేరు మాట లేదు. నా తమ్ముని కుమారుడు ఎనిమిదెకరములు పత్తి వేసినాడు. తీతకు దినకూలి గాక కిలోకింత యని యిచ్చుట ఇప్పటి వాడుక. కావున ఎవరెంత తీసిరో ప్రతి సాయంకాలమును తూచి వ్రాసికొనవలెను. ఆ వ్రాతపని మా కోడలిది. మా దౌహిత్రుడు హైదరాబాదున వెబ్ పేజీలు తయారుచేయు ఉద్యోగములో నున్నాడు. దసరాకు వచ్చినప్పుడు "అత్తా, నీ నోటుబుక్కు ఫోనులో పెట్టి యిచ్చెదను" అని, రెండు రాత్రులు మేలుకొని, ఒక పేజీ కట్టి యిచ్చినాడు. పేరు నొక్కి కిలోలు వేసిన చాలును; ఫోను ఆర్పి మరల తెరచినను లెక్క అట్లే యుండును. శనివారము నాడు ఆ యంకెలు చూచి మా కోడలు కాగితముపై కూడుకొని కూలి పంచునది. మూడు వారములపాటు తీత వర్షము వలన ఆగుచు సాగుచు జరుగుటచే, ఆ మూడు వారముల కూలియు ఒక్కమారే ఇచ్చుటకు ఒడంబడిరి.

ఇంతలో ఫోను మెల్లగా నడచుచున్నదని బాగుచేయు దుకాణమునకు పంపితిమి. అచటి కుర్రవాడు మేలు చేయదలచి, "లోపలి చెత్త యంతయు తుడిచివేసితిని, ఇక పరుగెత్తును" అని తిరిగి యిచ్చినాడు. నిజముగనే పరుగెత్తినది. కాని పత్తిలెక్క తెరచి చూడగా ఒక్క పేరును లేదు, ఒక్క యంకెయు లేదు.

ఆ రెండు దినములును ఆ ఆడవాండ్రు మా పంచలో కూర్చుండి, ఏ దినము ఎవరెంత తీసిరో నోటితో చెప్పిరి. చదువురాని జ్ఞాపకము గట్టిదని నాకు అప్పుడే తెలిసినది. మా తమ్ముని కుమారుడు ప్రతి బోరెము నింపినప్పుడును పశువులకొట్టము గోడపై బొగ్గుతో గీత గీచుచుండెను. వారు చెప్పిన కిలోలను, ఆ గీతలను, పత్తి కొన్న వర్తకుని తూకపుచీటిని సరిచూడగా 15 కిలోలు తేడా వచ్చినది. ఎండకు తగ్గినదనుకొని వారు చెప్పినట్లే కూలి యిచ్చితిమి. కాని ముఠాలో పెద్దయామె, "ఇక మీదట మధ్యాహ్నమొకమారు, పొద్దుగూకి ఒకమారు తూచి, మాకు వినబడేట్టు చెప్పాలమ్మా" అని నియమము పెట్టినది. న్యాయమైన నియమము. దానివలననే రెండవ తప్పు బయటపడినది; దానిని తరువాత చెప్పెదను.

ముందుగా లెక్క ఎక్కడ నుండెను, ఎట్లు పోయెను అనునది చెప్పవలెను.

మీరు ఫోనులో ఏదేని వెబ్ పేజీని చూచునప్పుడు దానిని తెచ్చి చూపునది బ్రౌజరు. ఆ పేజీ యెక్కడనో దూరమున సర్వరు అను యంత్రములో నుండును. బ్రౌజరు అడుగును, సర్వరు ఇచ్చును. అంతటితో వారి సంబంధము తీరినది. 1989లో టిమ్ బెర్నర్స్ లీ అను నాతడు జెనీవా నగరము చెంత వెబ్‌ను తలపెట్టి, తరువాతి యేడాది రెండేండ్లలో దానికి రూపమిచ్చినప్పుడు ఈ ఏర్పాటును ఇట్లే చేసినాడు. నిన్న వచ్చిన వాడే నేడును వచ్చినాడని సర్వరునకు గుర్తుండదు. సంతలోని అంగడివాడు ప్రతి మారును "మీరెవరు?" అని యడిగిన యెట్లుండును? ఆ చిక్కు తీర్చుటకై 1994లో నెట్‌స్కేప్ సంస్థలోని లూ మోంటుల్లి "కుకీ" యను చిన్న చీటిని కనిపెట్టెను. సర్వరు ఆ చీటి వ్రాసి యిచ్చును. బ్రౌజరు దానిని దాచుకొని, మరల ఆ సర్వరు కడకు పోవునప్పుడెల్ల చేతబట్టుకొని పోవును. కాని యది సుమారు 4 కిలోబైట్లకు మించరాదు. పైగా ప్రతి ప్రయాణమునను మోయవలెను. లెక్కల పుస్తకమును నెత్తిన బెట్టుకొని ఊరూర తిరుగుట ఎవరికి సాధ్యము?

అందుచేత బ్రౌజరులోనే ఇంటివద్ద నుండు పెట్టె నొకదానిని ఏర్పరచిరి. దాని పేరు లోకల్ స్టోరేజి, అనగా స్థానికముగా దాచుకొనుచోటు. 2009 నాటికే కొన్ని బ్రౌజర్లలో ఇది వచ్చియుండగా, 2013లో వెబ్ ప్రమాణములను నిర్ణయించు సంఘమువారు దానిని ప్రమాణముగా అంగీకరించిరి. ఒక్కొక్క వెబ్ చిరునామాకు సుమారు 5 మెగాబైట్ల చోటు దొరకును. కుకీతో పోల్చిన వేయింతలకు మించినది. ఇందులోనిది తనంత తాను సర్వరునకు పోదు. గడువనునది లేదు, ఫోను ఆర్పినను నిలుచును. దీని చెల్లెలివంటిది సెషన్ స్టోరేజి యని వేరొకటి కలదు. అది తెరచిన కిటికీ మూయగానే ఖాళీ యగును.

మన పెద్దలకు తెలిసిన మాటలో చెప్పెదను. 1984లో కరణీకములు రద్దగువరకు ప్రతి యూరను కరణముగారి యింట కవిలెకట్ట యుండెడిది. తాలూకా కచేరిలో దప్తరము వేరు. కరణముగారు కచేరికి పంపిన లెక్క అక్కడను నిలుచును. పంపనిది వారి యింటి యటుకమీదనే యుండును. ఇల్లు కాలిన అదియు కాలును. లోకల్ స్టోరేజి అటుకమీది కవిలెకట్ట. సర్వరు కచేరి దప్తరము. మా కోడలి లెక్క కచేరికి ఎన్నడును పోలేదు. మా దౌహిత్రుడు సర్వరునకు నెలనెలా రుసుము పెట్టవలసి వచ్చునని, చిన్న లెక్కయే గదా యని, అంతయు ఫోనులోని పెట్టెలోనే పెట్టినాడు. దుకాణములోని కుర్రవాడు తుడిచిన "చెత్త"లో ఆ పెట్టెయు నున్నది. బ్రౌజరు దృష్టిలో పాత బొమ్మయు, పదునొకండుగురి కూలియు సమానమే.

ఈ పెట్టెకు కట్టుబాటు ఒకటి గట్టిది. ఏ చిరునామా పెట్టె ఆ చిరునామాకే తెరచుకొనును. పొరుగు చిరునామావారు దానిని చూడలేరు. చిరునామా యనగా పేరు మాత్రమే గాదు. ముందుండు హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ అను పద్ధతియు, చివర నుండు పోర్టు సంఖ్యయు కలిసి చిరునామా. ఇందులో ఒక్క యక్షరము మారినను వేరు పెట్టె. అద్దంకి చూడుడు. 1970 వరకు గుంటూరు జిల్లా. ఆ యేడు ఒంగోలు జిల్లా. 1972లో ఆ జిల్లా పేరే ప్రకాశము. 2022లో బాపట్ల జిల్లా. ఎన్ని పేర్లు మారినను అద్దంకి నేల కదలలేదు, పట్టా మారలేదు. బ్రౌజరు లోకమున అట్లు గాదు. చిరునామా మారిన నాడు పాత పెట్టె పాత పేరుననే పడియుండును, క్రొత్త పేరున ఖాళీ పెట్టె తెరచుకొనును. "నా లెక్క పోయినది" అని గుండెలు బాదుకొనువారి లెక్క ఒక్కొక్కప్పుడు పోయి యుండదు. పాత చిరునామాలో నుండును.

లోపల దాచు పద్ధతి నిఘంటువు వంటిది. ఒక ప్రక్క పేరు, దానికెదురుగా విలువ. ఆ విలువ యెప్పుడును అక్షరముల వరుసయే. అంకెను దాచబోయినను అది అక్షరముగా మారియే లోనికి పోవును. ఇచట పండితునిగా నాకు సంతోషము కలిగించిన సంగతి యొకటి చెప్పక యుండలేను. "పత్తి" అను మాట మనకు రెండక్షరములు. యంత్రమునకు ఐదు: ప, త, పొల్లు, త, గుడి. తకారము క్రింది తావత్తును యంత్రము వేరు గుర్తుగా దాచుకొనదు. పొల్లు పెట్టి, మరల హల్లు వ్రాసి, రెంటిని కలిపి చూపును. వ్యాకరణమును చదువుకొన్నవారు ద్విత్వమును విడదీయు తీరు అదియే. ఒక్కొక్క గుర్తునకు రెండేసి బైట్లు లెక్కించినచో మన "పత్తి" పది బైట్లు.

ఇక రెండవ తప్పు. పెద్దయామె నియమము ప్రకారము మధ్యాహ్నము తూచగా ఒక యామెకు 12 కిలోలు, సాయంత్రము 9 కిలోలు వచ్చినవి. మొత్తము 21 కావలెను. ఫోను 129 చూపినది. ఆ ఆడవాండ్రందరును విరగబడి నవ్విరి. "ఇదేదో బాగానే ఉందమ్మా, ఇట్లాగే ఇప్పించు" అన్నది ఆమె. మా కోడలు హైదరాబాదునకు ఫోను చేయగా, మనుమడు తన కంప్యూటరులో చూచి, "నా దగ్గర సరిగానే వచ్చుచున్నదే" అనెను. ఆమెకు కోపము వచ్చినది. "నీ దగ్గర పత్తి తీయువారు లేరుగదరా" అని పెట్టివేసినది.

ఇద్దరు చెప్పినదియు నిజమే. అది యెట్లో చూతము. ఉదయము పెట్టె ఖాళీ. ఖాళీ యైనచో సున్న అనుకొనుమని వాడు వ్రాసినాడు. సున్నకు 12 కలుపగా 12. అది పెట్టెలోనికి పోవునప్పుడు అంకె వేషము విడిచి అక్షరములైనది: ఒకటి, దాని ప్రక్క రెండు. సాయంత్రము దానిని తీసి 9 కలుపుమనగా, వెబ్ పేజీల భాషయైన జావాస్క్రిప్టు, అక్షరములతో కూడిక యనగా ప్రక్కన చేర్చుటయే యని యెంచి 129 చేసినది. సంధి జరుగవలసిన చోట సమాసము జరిగిన ట్లున్నది. ఇందులో వింత యేమనగా, తీసివేత చెప్పిన అదే భాష సరిగా చేయును. అక్షరములను ఒకదానినుండి యొకటి తీసివేయుట కుదరదు గనుక వానిని అంకెలుగా మార్చుకొని 12లోనుండి 9 తీసి 3 చూపును. బయానా తగ్గించుకొన్నప్పుడు లెక్క సరిపోయినది; కూడినప్పుడు తప్పినది. సగము సరియైన లెక్క పూర్తిగా తప్పిన లెక్కకంటె చెడ్డది, ఏలయన దానిని నమ్ముదుము.

మరి మనుమడికి ఆ తప్పు ఏల కనబడలేదు? వాడు పరీక్షించు ప్రతిమారును పెట్టెను ముందు శుభ్రముగా తుడిచి, ఒక్క తూకము వేసి, సరిగా వచ్చినదని తృప్తిపడుచుండెను. ఎప్పుడును ఖాళీ గాదెతోనే పరీక్ష. మన యిండ్లలో గాదె ఖాళీగా నుండదు. వాడుకలో నున్న ఫోనులో నిన్నటిది, మొన్నటిది, పాత పద్ధతిలో వ్రాసినది, అన్నియు నుండును. ఈ పనిలోని తప్పులు చాలవరకు క్రొత్త వ్రాతలో గాక, క్రొత్త వ్రాత పాత నిలువను తాకుచోట పుట్టును. వ్రాసినవాడు మరచినదానిని పెట్టె మరువదు.

సంక్రాంతికి వాడు వచ్చినాడు. అత్త ఫోనును తీగతో తన కంప్యూటరునకు తగిలించి, ఫోనులో అనుమతి యిచ్చి, బ్రౌజరులో మరుగున నుండు పనివారి కిటికీని తెరచినాడు. అందులో బొమ్మలు లేవు, బొత్తాములు లేవు. ఒక గీత మినుకుమినుకు మనుచు మన మాటకై వేచియుండును. దానికి కన్సోల్ అని పేరు. అచట ఆజ్ఞ వ్రాసి మీట నొక్కిన పని జరుగును. గెట్ ఐటమ్ అనిన చూపును. సెట్ ఐటమ్ అనిన ఉంచును. రిమూవ్ ఐటమ్ అనిన ఒక్కదానిని తీసివేయును. క్లియర్ అనిన అంతయు తుడుచును. ఇవన్నియు విధ్యర్థకక్రియలే. వాడు గెట్ ఐటమ్ అని ఆ యామె పేరు వ్రాయగా 129 వచ్చినది, కాని దానికి ఇరుప్రక్కల ఉద్ధరణ చిహ్నములు ఉన్నవి. అంకెయైన అవి యుండవు, అక్షరములకే యుండును. వాడు నుదురు కొట్టుకొని, "తాతగారూ, దొరికినది" అనెను.

క్లియర్ అను నాలుగవ యాజ్ఞను గూర్చి ఒక మాట. అది "నిజముగా తుడువుదునా?" అని అడుగదు. తుడిచిన తరువాత తిరిగి తెచ్చు ఆజ్ఞ లేదు.

ఐతే ఒక్కమారు కంటితో చూచి దిద్దుట చాలదు. దిద్దిన ప్రతిమారును, నిండుపెట్టెతో మరల పరీక్షింపవలెను. ఆ నిండుపెట్టెను ప్రతిమారు చేతితో నింపుచు కూర్చుండిన తెల్లవారును. ఒక్కొక్కమారు ఒక్కొక్క విధముగా నింపుటయు జరుగును. అందుకై పెట్టెలోని దానిని మొత్తముగా ఒక ఫైలులోనికి ఎత్తి, కావలసినప్పుడు మరల దింపు సాధనములు కలవు. మా వాడు వాడినది ప్లేరైట్. 2020 జనవరిలో మైక్రోసాఫ్టు సంస్థ వెలువరించినది, వెల లేదు. దానిని టెర్మినల్ అను నల్లని కిటికీలో ఆజ్ఞలతో నడుపుదురు. ఒక యాజ్ఞకు చివర "సేవ్ స్టోరేజ్" అని చేర్చి ఫైలు పేరు చెప్పిన, బ్రౌజరు తెరచుకొనును. మనము చేయవలసినది చేసి మూయగానే, కుకీలును, లోకల్ స్టోరేజిలోని పేర్లును విలువలును ఆ ఫైలులో వ్రాయబడును. మరునాడు "లోడ్ స్టోరేజ్" అని అదే ఫైలు పేరు చెప్పిన, క్రొత్త బ్రౌజరు ఆ నిండుపెట్టెతోనే తెరచుకొనును. క్రోమ్ జాతి బ్రౌజరునకును, ఫైర్‌ఫాక్సునకును, ఆపిల్ ఫోనులలోని సఫారికి మూలమైన వెబ్‌కిట్టునకును ఇది పనిచేయును.

బొత్తాములు నొక్కుటకంటె ఆజ్ఞ వ్రాయుట ఏల మేలని వాని నడిగితిని. "నొక్కిన దానిని మరలనెవరికైనను చెప్పవలెనన్న చేయి పట్టుకొని చూపవలె తాతగారూ, వ్రాసిన దానిని కాగితముమీద పంపవచ్చును" అనెను. నాకు సూత్రములు జ్ఞాపకము వచ్చినవి. సూత్రమున కర్థ మెవరు చెప్పినను సూత్రము మారదు. ఎన్నిమార్లు వల్లించినను అదే. వాడు ఆ పెట్టెలో మధ్యాహ్నపు 12 నింపి ఎత్తియుంచి, పేజీని దిద్ది, దింపి, సాయంత్రపు 9 వేసినాడు. 21 వచ్చినది. మరల దింపి 10 వేసినాడు. 22. మరల దింపినాడు. నేను నిద్రపోవువరకు దింపుచునే యున్నాడు.

ఈ యెత్తి యుంచిన ఫైలుతో అపాయమును కలదు. అనేక వెబ్ పేజీలు మనము ప్రవేశించినామను గుర్తును కుకీలలోనో లోకల్ స్టోరేజిలోనో దాచును. ఆ ఫైలు పరుని చేత బడిన, రహస్యపదము తెలియకయే మన పేరున లోపలికి నడచిపోగలడు. తాళపుచెవికి మైనపు అచ్చు తీసినట్లే. కాబట్టి పదిమందితో పంచుకొను చోట దానిని ఉంచరాదని ఆ సాధనము చేసినవారే హెచ్చరించినారు. రహస్యపదములను అసలే ఆ పెట్టెలో దాచరాదు. ఆ పేజీలో ఎవడైన దొంగవ్రాత చొప్పించెనా, అది పెట్టెనంతయు చదువగలదు.

మీరు ఆజ్ఞలు వ్రాయనక్కరలేదు. కాని మీ కుమారులో కోడండ్రో ఒక లెక్కను "ఫోనులో ఎక్కించితిమి" అనినప్పుడు, ఫోనులోనా, సర్వరులోనా అని యడుగుడు. వారికి తెలియనిచో పరీక్ష సులభము: వేరొక ఫోను తీసికొని, అదే పేజీని తెరచి, అదే పేరుతో ప్రవేశింపుడు. లెక్క కనబడిన కచేరికి చేరినది. కనబడకున్న అటుకమీదనే యున్నది. ఆపిల్ ఫోను వాడువారు మరియొకటి తెలిసికొనవలెను. 2020 నుండి సఫారి బ్రౌజరు, దానిని వాడిన దినములలో ఏడు దినములు గడచినను మనము ఒక వెబ్ పేజీ ముఖము చూడకున్న, ఆ పేజీ తన వ్రాతతో దాచుకొన్నదానిని తానే తుడిచివేయును. తీత తీతకు నడుమ మనకు మూడేసి వారములు పట్టును గదా. ఇక, జాడ మిగులని రహస్యపు కిటికీలో వ్రాసిన లెక్క కిటికీ మూసిన క్షణముననే పోవును. దుకాణమునకు ఫోను పంపునప్పుడు "వెబ్ పేజీల డేటా తుడువవద్దు" అని నోరువిడిచి చెప్పుడు.

మా వాడు పేజీని రెండు విధముల మార్చినాడు. పెట్టెనుండి తీసిన దానిని ముందుగా అంకెగా మార్చి, ఆ పిదపనే కలుపుచున్నాడు. ప్రతి సాయంత్రము ఆ దినపు లెక్కను ముఠాలోని పెద్దయామె మనుమరాలి ఫోనునకు సందేశముగా పంపు మీట యొకటి పెట్టినాడు. ఆ పిల్ల పదవ తరగతి. చదివి అందరికిని వినిపించును.

ఈ యేడు మొదటి తీత మొన్న సోమవారము మొదలైనది. పండుగకు కొట్టము గోడకు సున్నము వేయింతునని నేననగా, తీత ముగియువరకు ఆ గోడ జోలికి పోవలదని మా కోడలు చెప్పినది.